కంప్యూటర్ మొదలయ్యేటప్పటి తెర రిజల్యూషన్

పీసీ ఆన్ చేయగానే తెర మీద ఎన్ని చుక్కలు వెలగాలన్నది వాడేవారు కోరుకోకముందే తేలిపోయి ఉంటుంది. అది చాలాకాలం పాటు గ్రాఫిక్స్ కార్డు సత్తాను బట్టి తేలలేదు. ఎదురుగా ఉన్న మానిటర్ ఎలాంటిదో యంత్రానికి తెలియకపోవడం వల్ల అలా కుదురుకుంది. 1981 నాటి ఐబీఎం పీసీకి రెండు రకాల కార్డులుండేవి. మోనోక్రోమ్ కార్డు 80 నిలువు వరుసలు, 25 పంక్తుల అక్షరాలను 720×350 చుక్కలతో చూపేది. రంగుల సీజీఏ కార్డు అవే అక్షరాలను 640×200తో, కాస్త మోటుగా చూపేది. మొదటిది సెకనుకు సుమారు 18,400 అడ్డగీతలు గీస్తే రెండోది 15,700 గీసేది. ఒకదాని మానిటర్ రెండోదానికి పనికిరాదు. పొరపాటు సంకేతం అందితే మోనోక్రోమ్ మానిటర్ పాడయ్యే ప్రమాదమూ ఉండేది. అందుకే ఏ తెరతో మొదలవ్వాలో మదర్‌బోర్డు మీది చిన్న స్విచ్చులతో మనిషే చెప్పాల్సి వచ్చేది.

ఇలా తక్కువ చుక్కలతో మొదలవడానికి అసలు కారణం మెమరీ ఖరీదేనని అనవచ్చు. 80×25 అక్షరాలకు 4,000 బైట్లు చాలు, 640×480 బొమ్మకు 16 రంగుల్లో 1,53,600 బైట్లు కావాలి కాబట్టి ఆ మాట తీసిపారేయదగ్గది కాదు. అయితే 1987లో ఐబీఎం పీఎస్/2 కంప్యూటర్లతో వచ్చిన వీజీఏ గ్రాఫిక్స్‌లో 256 కిలోబైట్లు ఉండనే ఉన్నాయి. అయినా యంత్రాన్ని మేల్కొలిపే బయోస్ 720×400 అక్షరాల తెరతోనే మొదలయ్యేది. 1990లలో మెగాబైట్ల మెమరీ ఉన్న కార్డులదీ అదే దారి. కార్డును గుర్తుపట్టలేకపోతే విండోస్ 95 సైతం 640×480, 16 రంగులతో సరిపెట్టుకునేది. మెమరీ ఎంతవరకు ఎక్కవచ్చో చెప్పింది గానీ ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పలేదు. 1984 నాటి మెకింటాష్‌కు మొత్తం మెమరీయే 128 కిలోబైట్లు. అందులో 21,888 బైట్లు తెరకే ధారపోసి, ఆన్ చేయగానే 512×342 చుక్కల బొమ్మతో లేచేది. తెర అదే పెట్టెలో బిగించి ఉండగా దానికి ఇక అనుమానమెందుకు?

మరి మానిటర్ తన వివరాలు తానే చెప్పుకునే డీడీసీ, ఈడీఐడీ ప్రమాణాలను వీడియో ప్రమాణాల సంస్థ వెసా 1994లోనే తెచ్చింది కదా, వెంటనే ఎందుకు మారలేదన్నది గట్టి ప్రశ్నే. పాత ప్రోగ్రాములు, బూట్ లోడర్లు బయోస్ అక్షరాల తెరనే నమ్ముకుని ఉండటం ఒక కారణం. కేబులో స్విచ్‌బాక్సో మధ్యలో ఆ వివరాలను మింగేయడం ఇంకొకటి. 2009లో లినక్స్ కెర్నల్ తానే తెర సొంత రిజల్యూషన్‌ను ముందుగా పెట్టడం మొదలెట్టింది. బయోస్ స్థానంలో యూఈఎఫ్‌ఐ ఫర్మ్‌వేర్ వ్యాపించాక ఆ పని కెర్నల్ మొదలవకముందే జరగసాగింది. తెలియనితనం తగ్గింది, అంతే, పూర్తిగా పోలేదు. అందుకే హెచ్‌డీఎంఐ ప్రమాణం ప్రకారం ప్రతి తెరా 640×480ను చూపగలిగి తీరాలి.