మస్టర్ పడితేనే దవాఖాన

కరీంనగర్ పల్లెల్లో ఒకప్పుడు సంబంధం కలుపుకునేటప్పుడు పిల్లగాడికి ఎన్ని ఎకరాలున్నాయని అడిగేవారు. గోదావరిఖనిలో బొగ్గుగనులు లేచాక ఆ ప్రశ్న మారింది. "బాయి పని ఉన్నదా?" అనేవారు. ఉన్నదంటే ఇక పెద్ద లెక్కలు అవసరం లేదు. నెల తిరిగేసరికి జీతం, తలదాచుకోవడానికి క్వార్టర్, రోగమొస్తే సింగరేణి కంపెనీ దవాఖాన. భార్యాపిల్లలకే కాదు, కార్మికుడి మీద ఆధారపడ్డ ముసలి తల్లిదండ్రులకూ మందులు అక్కడే. పక్క ఊళ్లో జ్వరమొచ్చిన కూలీ పుస్తెలు తాకట్టు పెట్టే రోజుల్లో ఇది చిన్న సంగతి కాదు.

ఇంత ఇచ్చిన కంపెనీ బదులుగా ఏం తీసుకుంది? బొగ్గుబాయి చరిత్రను ఉత్పత్తి లెక్కలతో చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు. దాన్ని ఈ ప్రశ్న వైపు నుంచి చూడాలని నాకెప్పటినుంచో ఉంది.

1871లో భూగర్భ శాస్త్రవేత్త విలియం కింగ్ ఇల్లెందు దగ్గర బొగ్గు జాడ పట్టాడు. 1886లో హైదరాబాద్ దక్కన్ కంపెనీకి తవ్వకం హక్కులు దక్కాయి. 1889లో ఉత్పత్తి మొదలైంది. 1920లో సింగరేణి కాలరీస్ పేరు వచ్చింది. ఆ తర్వాత గనులు గోదావరి దాటి ఆదిలాబాద్ అడవి అంచున బెల్లంపల్లి దాకా పాకాయి. కరీంనగర్ వైపు రామగుండం, గోదావరిఖని బాయిలు మాత్రం 1960ల నాటివి. నిజాం ప్రభుత్వం 1940ల్లోనే కంపెనీలో పెద్ద వాటా కొనేసింది. అది 1956లో ఆంధ్రప్రదేశ్‌కు వచ్చింది. ఇప్పుడు తెలంగాణది 51 శాతం, కేంద్రానిది 49. అంటే ఇక్కడ యజమాని సర్కారే, వైద్యుడూ సర్కారే.

ఈ బాయిల్లోకి దిగినవాళ్లు ఎక్కడినుంచి వచ్చారో మరిచిపోతే ఆ బేరం అర్థం కాదు. దొర గడీ ముందు చెప్పులు చేతపట్టుకుని నడిచిన ఊళ్ల నుంచి వచ్చారు. తాత తెచ్చిన అప్పుకు మనవడు జీతముండే ఇండ్ల నుంచి వచ్చారు. వెట్టిచాకిరీని చట్టం 1976లో రద్దు చేసింది. అయినా 1978లో జగిత్యాల, సిరిసిల్ల రైతుకూలీలు దొరల మీద తిరగబడాల్సి వచ్చింది. ఆ ఏడు అక్టోబర్‌లో ఆ రెండు తాలూకాలను సర్కారు కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది. అలాంటి ఊరి నుంచి వచ్చినవాడికి బాయి పని జైలులా ఎందుకు కనిపిస్తుంది? ఊళ్లో అతనికి స్వేచ్ఛా లేదు, భద్రతా లేదు. బాయి దగ్గర కనీసం ఒకటైనా దొరికింది. వాళ్లు తెలివితక్కువ బేరం చేశారని ఎవరన్నా అంటే నేను ఒప్పుకోను.

అయినా వదులుకున్నది తక్కువేమీ కాదు. మొదటి షిఫ్టుకు తెల్లవారకముందే లేవాలి. మస్టర్ (హాజరు) వేయించుకుని, లాంప్ రూమ్‌లో దీపం తీసుకుని, ఇంక్లైన్ దిగాలి. బొగ్గు నింపే కోల్ ఫిల్లర్‌కు తట్టా చెమ్మస్ (పార) చేతికిచ్చేవారు. షాట్ పేలాక రాలిన బొగ్గును వంగి తట్టకెత్తి, టబ్బు నిండేదాకా పోస్తూనే ఉండాల్సి వచ్చేది. పైన కప్పు ఎప్పుడు చప్పుడు చేస్తుందో చెవి అటే ఉంటుంది. ఒక వారం పొద్దటి షిఫ్టు, మరో వారం రాత్రి షిఫ్టు. కొడుకు మేలుకుని ఉండగా చూసే వారం వేరు, వాడు నిద్రపోతుండగా చూసే వారం వేరు. బతుకమ్మ ఆడే సాయంత్రం కూడా సైరన్ మోగితే పోవలసిందే.

అన్నిటికీ తాళంచెవి మస్టర్. భూగర్భంలో ఏడాదికి 190 మస్టర్లు నిండితేనే మరుసటి ఏడు జీతంతో కూడిన సెలవులకు అర్హత ఉండేది. నాగాలు మితిమీరితే చార్జిషీటు, ఆపైన డిస్మిస్. ఒంట్లో బాగాలేదని ఇంట్లో పడుకుంటే అది నాగా కిందికే వస్తుంది. కంపెనీ డాక్టరు సిక్ రాస్తేనే సిక్. నన్ను ఆలోచింపజేసేది ఈ మెలికే. వైద్యం చేసే చేయి, హాజరు లెక్కపెట్టే చేయి ఒకే ఒంటివి. నొప్పి కార్మికుడిది, అది నిజమో కాదో తేల్చే అధికారం యజమానిది.

లెక్క తేల్చే అధికారం యజమానిదేనన్న మాట ఏ మేధావో వచ్చి చెప్పాల్సిన అవసరం కార్మికులకు రాలేదు. పదిమంది కలిసి నోటీసు లేకుండా పని మానేస్తే ఒక్కొక్కరికి ఎనిమిది రోజుల దాకా వేతనం కోయవచ్చని 1936 నాటి వేతన చెల్లింపు చట్టంలో ఒక వెసులుబాటు యజమానులకు ఉండేది. ఒక్క రోజు సమ్మెకు ఎనిమిది రోజుల కూలి! 1981లో సింగరేణి కార్మికులు ఆ కోత మీద 56 రోజులు సమ్మె చేశారు. సింగరేణి కార్మిక సమాఖ్య, జనం నోట సికాస, ఆ ఏడాదే పుట్టింది. తర్వాత దాన్ని నిషేధించారు. 1991-92లో ఒక్క ఏడాదిలో 400కు పైగా సమ్మెలు జరిగాయంటే, భద్రత కోసం నోరు కట్టేసుకున్న మనుషులు అక్కడ లేరనే అర్థం. 2011లో తెలంగాణ కోసం జరిగిన సకల జనుల సమ్మెలో నెలకు పైగా బొగ్గు ఆపింది కూడా ఈ చేతులే.

బొగ్గుకూ వైద్యానికీ ఉన్న చుట్టరికం మన దగ్గరే పుట్టలేదు. వేల్స్‌లోని ట్రెడిగర్ అనే గనుల పట్నంలో కార్మికులు తమ కూలిలోంచి కొంత తీసి వైద్య సహాయ సంఘం పెట్టుకున్నారు. డాక్టర్లను నియమించింది ఆ సంఘమే. ఆ ఊళ్లోనే పుట్టి, పిల్లవాడుగానే గనిలోకి దిగిన అన్యూరిన్ బెవన్ తర్వాత బ్రిటన్ ఆరోగ్యమంత్రి అయ్యాడు. 1948 జూలై 5న దేశమంతటికీ ఉచిత వైద్యం తెచ్చాడు. అక్కడ దవాఖాన మీద కార్మికుడి పెత్తనం ముందు వచ్చింది, సర్కారు వైద్యం తర్వాత వచ్చింది. మన దగ్గర దవాఖాన వచ్చింది గానీ దాని మీద కార్మికుడికి పెత్తనం రాలేదు.

ఇక అన్నిటికన్నా బరువైన సంగతి. తండ్రి తర్వాత కొడుక్కి వచ్చే వారసత్వ ఉద్యోగాలు 1990ల చివర్లో ఆగిపోయాయి. 2016లో కంపెనీ మళ్లీ ఇస్తామంది. ఇది సమానత్వ సూత్రానికి విరుద్ధమని 2017 మార్చిలో హైకోర్టు కొట్టేసింది. ఆపైన 2018 నుంచి కారుణ్య నియామకాల దారి తెరుచుకుంది. తండ్రి ఇక పనికి పనికిరాడని మెడికల్ బోర్డు తేలిస్తే కొడుక్కి కొలువు. బోర్డు కూర్చునేది కొత్తగూడెంలోని సింగరేణి ప్రధాన ఆస్పత్రిలో.

బొగ్గు బెల్టులో ఏ ఇంట్లోనైనా వినబడే ముచ్చట ఇది. "నాయినా, ఈసారన్న అన్‌ఫిట్ చేస్తరా?" అంటాడు డిగ్రీ చదివిన కొడుకు. "ఏమో బిడ్డా, దమ్ము బాగనే ఉన్నదంటున్నరు" అంటాడు తండ్రి, తప్పు చేసినవాడిలా. ముప్పై ఏళ్లు ధూళి మింగిన ఊపిరితిత్తులు ఇంకా పనిచేస్తున్నందుకు ఒక మనిషి తన కొడుకు ముందు తలదించుకోవడం ఎంత దుర్మార్గం! రోగం నయం కావాలని వెళ్లే చోటికి, రోగం రుజువు కావాలని వెళ్తున్నాడు. లేని రోగం చెబుతాడని కార్మికుడి నిజాయితీని శంకించేవాళ్లు ఈ ఏర్పాటును ఎవరు చేశారో ఒకసారి ఆలోచించాలి.

2003 జూన్ 16న గోదావరిఖని 7 ఎల్‌ఈపీ గనిలోకి నీళ్లు చొచ్చుకొచ్చి 17 మంది పోయారు. అదే ఏడు అక్టోబర్‌లో 8ఏ గనిలో కప్పు కూలి మరో 10 మంది. బాయి ఇచ్చే భద్రతకు ఈ అంచు ఎప్పుడూ ఉంది. ఆ అంచు మీద నిలబడి సంపాదించుకున్న దవాఖానను ఎవరో దయతో పెట్టారనుకోవడం తప్పు.

1990ల తొలినాళ్లలో లక్ష దాటిన పర్మినెంట్ కార్మికులు ఇప్పుడు 40 వేల చుట్టుపక్కల ఉన్నారు. భూగర్భ గనులు తగ్గి ఓపెన్‌కాస్టులు పెరిగాయి. కాంట్రాక్టు కార్మికులు వేలల్లో చేరారు. ధూళి ఇద్దరికీ ఒకటే, కూలి ఒకటి కాదు. 2022 సెప్టెంబర్‌లో వాళ్లు సమ్మెకు దిగారు. తాతల తరం ఏదో ఒకటి ఇచ్చి మరొకటి పుచ్చుకుంది. ఈ పిల్లలు ఇవ్వాల్సిందంతా ఇస్తున్నారు, పుచ్చుకోవడానికి భద్రత లేదు.

సింగరేణి గుర్తింపు సంఘం ఎన్నికలు వచ్చినప్పుడల్లా అలవెన్సుల జాబితాలు పంచుతారు. ఈసారి ఓటడగ వచ్చే నాయకుణ్ని ఖని, మంచిర్యాల, బెల్లంపల్లి కార్మికులు రెండు విషయాలు అడగాలి. మెడికల్ బోర్డులో కంపెనీతో సంబంధం లేని డాక్టర్లు ఉండాలి. గోదావరిఖని, రామకృష్ణాపూర్ ఏరియా ఆస్పత్రుల తలుపు కాంట్రాక్టు కార్మికుడి భార్యాపిల్లలకు కూడా తెరవాలి.