అడ్డపొగ నేర్పిన పాఠము

నిప్పు ఉన్న కొనను నోటిలో పెట్టుకొని చుట్ట కాల్చుటను అడ్డపొగ అందురు. శ్రీకాకుళం, విశాఖపట్టణం ప్రాంతపు పల్లెలలో, ముఖ్యముగా స్త్రీలలో, ఈ అలవాటు తరతరములుగా వచ్చినది. గాలికి చుట్ట ఆరిపోదనియు, ఎక్కువసేపు కాలుననియు, తల్లులను చూచి కూతుళ్లు నేర్చుకొందురనియు చెప్పుదురు. ఒక అలవాటుకు, ఒక వ్యాధికి గల సంబంధమును శాస్త్రజ్ఞులు ఎట్లు తేల్చుదురో తెలిసికొనుటకు దీని చరిత్ర చక్కని ఉదాహరణము.

సామాన్యముగా చుట్ట, సిగరెట్టు కాల్చువారికి గట్టి అంగిలిపై కాన్సరు వచ్చుట అరుదు. కాని కోస్తాంధ్రలో వైద్యులకు అట్టి రోగులు తరచుగా కనబడుచుండిరి. నిప్పుసెగ తగిలెడు చోటనే పుండు పుట్టుచున్నది! 1957లో డి. జి. రెడ్డి, వి. కె. రావు అనువారు ఈ కాన్సరుకు అడ్డపొగయే కారణమని ఒక వైద్యపత్రికలో ప్రకటించిరి.

ఐతే ఆసుపత్రికి వచ్చువారు రోగులే కదా! అడ్డపొగ త్రాగియు ఆరోగ్యముగా ఉన్నవారు వైద్యుని కంట పడరు. రోగులను మాత్రమే చూచి ప్రమాదమెంతయో కొలువలేము. అలవాటు ఉన్నవారిని, లేనివారిని కూడ పరీక్షించి పోల్చవలెను. అందుకు పల్లెలకే పోవలెను.

బొంబాయిలోని టాటా ఫండమెంటల్ రీసెర్చి సంస్థకు చెందిన ఫలి మెహతా, డెన్మార్కు శాస్త్రజ్ఞుడు యెన్స్ పిండ్‌బోర్గ్, వారి సహచరులు ఆ పని చేసిరి. శ్రీకాకుళం జిల్లాలో ఇంటింటికి తిరిగి 10,169 మంది నోళ్లను పరీక్షించి, ఫలితములను 1971లో ప్రకటించిరి. వారిలో నూటికి 43.8 మంది అడ్డపొగ త్రాగువారే. అంగిలిపై తెల్లమచ్చలు, బొడిపెలు మొదలైన మార్పులు వారిలో విరివిగా కనబడినవి. కొన్ని తెల్లమచ్చలు కాలక్రమమున కాన్సరుగా మారవచ్చును.

కాని ఇంతమందికి అలవాటున్నను కాన్సరు వచ్చినది కొద్దిమందికే. "మా అమ్మమ్మ జీవితమంతయు త్రాగినది, ఆమెకేమైనది?" అని పల్లెవారు అడుగుట సహజము. దానికి సమాధానము మన ఊళ్లలోనే ఉన్నది. తాటాకు ఇండ్లన్నియు తగులబడవు. పెంకుటిండ్లు అసలే తగులబడవని కాదు. ఐనను వేయి తాటాకు ఇండ్లను, వేయి పెంకుటిండ్లను లెక్కించి చూచినచో ఏవి ఎక్కువగా కాలునో స్పష్టమగును. వ్యాధి వచ్చు అవకాశమును ఇట్లు పెంచుదానినే ప్రమాదకారకము అందురు. అది ఒక వ్యక్తి జాతకమును చెప్పదు. సమూహములోని అవకాశమును చెప్పును.

అట్టి కారకమును తొలగించిన మేలు కలుగునా? శ్రీకాకుళం, ఎర్నాకుళం, భావనగర్ జిల్లాలలో 36,000 మంది పొగాకు వాడువారికి ఆ అలవాటు మానుడని బోధించి, ఐదేండ్లు గమనించిరి. బోధన లేని పూర్వపు సమూహముతో పోల్చగా, వీరిలో మానినవారు ఎక్కువని 1986లో ప్రకటించిరి. పొగాకు మానినవారిలో నోటి తెల్లమచ్చలు కొత్తగా పుట్టుట తగ్గుననియు ఇట్టి పరిశీలనల వలన తేలినది.

వయస్సును, వంశమును మార్చుకొనలేము, అలవాటును మార్చుకొనవచ్చును. కనుక ఎవరైన "ఫలానావానికి ఏమియు కాలేదు" అన్నప్పుడు, విద్యార్థి అడుగవలసిన ప్రశ్న ఒక్కటే: అలవాటున్నవారు ఎందరిలో ఎందరికి వచ్చినది, లేనివారు ఎందరిలో ఎందరికి?