కరోనా టీకాలు: రకాలు, తేడాలు

కోవిడ్-19 వైరస్‌ను ముందుగానే గుర్తుపట్టేలా శరీరాన్ని సిద్ధం చేసేవి కరోనా టీకాలు. భారత్‌లో 2021 జనవరి 16న టీకాల కార్యక్రమం మొదలైనప్పుడు చేతిలో ఉన్నవి రెండే: కోవాగ్జిన్, కోవిషీల్డ్. రెండూ భుజానికి వేసే సూదులే, సీసాలో ఉన్నది మాత్రం పూర్తిగా వేరు.

హైదరాబాద్ జీనోమ్ వ్యాలీలోని భారత్ బయోటెక్ తయారుచేసిన కోవాగ్జిన్‌ది పాత బాట. వీరో అనే కోతి కణాల్లో వైరస్‌ను పెంచి, బీటా ప్రొపియోలాక్టోన్ అనే రసాయనంతో నిర్జీవం చేస్తారు. ఇక అది వృద్ధి చెందలేదు. కానీ ఉపరితలంపై ముళ్లలా ఉండే స్పైక్ ప్రోటీన్‌తో పాటు వైరస్‌లోని ఇతర భాగాలూ రోగనిరోధక వ్యవస్థ కంటపడతాయి. బతికున్న వైరస్‌తో పని కాబట్టి కట్టుదిట్టమైన జీవభద్రత ఉన్న కర్మాగారం తప్పనిసరి.

కోవిషీల్డ్‌లో స్పైక్ జన్యువును మోసుకెళ్లేది చింపాంజీల అడినోవైరస్. రష్యా టీకా స్పుత్నిక్-వి కూడా ఆ కోవదే. దాని రెండు డోసుల్లో రెండు వేర్వేరు అడినోవైరస్‌లుంటాయి.

ఫైజర్, మోడెర్నా టీకాలు ఎంఆర్‌ఎన్‌ఏ రకం. స్పైక్‌ను తయారుచేసే సూచనను కొవ్వు బిందువుల్లో చుట్టి పంపుతాయి. ఫైజర్ టీకాను మొదట్లో మైనస్ 70 డిగ్రీల దగ్గర నిల్వ చేయాల్సి వచ్చింది. కోవాగ్జిన్, కోవిషీల్డ్‌లకు 2–8 డిగ్రీలు చాలు. పల్లెల్లోని ఆరోగ్య కేంద్రాలకు ఇది చిన్న తేడా కాదు.

హైదరాబాద్‌కే చెందిన బయోలాజికల్-ఇ వారి కోర్బెవాక్స్‌లో ఉండేది ఈస్ట్‌లో పండించిన స్పైక్ ప్రోటీన్ ముక్క. 2022 మార్చి 16 నుంచి 12–14 ఏళ్ల పిల్లలకు దీన్నే వేశారు.

ప్రయోగాల్లో ఫైజర్ సామర్థ్యం 95 శాతం, కోవాగ్జిన్‌ది 77.8 శాతం. ఈ అంకెలను పక్కపక్కన పెట్టి తీర్పు చెప్పడం సరికాదు. ఫైజర్ ఫలితాలు 2020లోనే వచ్చాయి. కోవాగ్జిన్ పరీక్ష సాగుతున్నప్పుడు దేశంలో వైరస్ కొత్త రకమైన డెల్టా వ్యాపిస్తోంది.