టొరాంటో దీవులు: పచ్చిక కింద వీధి

ఈ వేసవిలో అమ్మ మా దగ్గరికి వచ్చింది. ఇండియా నుంచి వచ్చినవాళ్లకి చూపించాల్సిన జాబితా ఒకటి ఇక్కడి ప్రతి తెలుగింట్లోనూ ఉంటుంది: నయాగరా, సీఎన్ టవర్, గుడి. ఆ మూడూ అయిపోయాక ఒక జూలై శనివారం పులిహోర, పెరుగన్నం డబ్బాల్లో సర్దుకుని, నగరానికి ఎదురుగా ఉన్న టొరాంటో దీవులకు బయల్దేరాం. బే స్ట్రీట్ చివర ఫెర్రీ ఎక్కితే పావుగంట.

"సముద్రమా?" అంది అమ్మ. కాదు, ఒంటారియో సరస్సు, మంచినీళ్లే అన్నాను. "అవతలి గట్టు కనపడని చెరువా!" అంటూ రైలింగ్ పట్టుకుని నిలబడిపోయింది.

నేను ఈ దీవులకు ఎన్నోసార్లు వచ్చాను. ఇక్కడ కార్లు లేవు. సైకిళ్లు, కాలవలు, బాతులు, పిల్లలకి రంగులరాట్నం ఉన్నాయి. ఎప్పటినుంచో ఇలాగే ఉండి ఉంటుందనుకునేవాణ్ణి. ఈసారి అమ్మకి చెప్పడానికి నాలుగు ముక్కలైనా తెలియాలి కదా అని కాస్త చదివి వెళ్లాను. ఇలాగే ఉండేది అనుకోవడమే తప్పని అప్పుడు తెలిసింది.

అసలు ఇవి దీవులే కావు. తూర్పున ఉన్న స్కార్‌బరో చరియలను అలలు కోసేస్తుంటే ఆ ఇసుక పడమరకి కొట్టుకొచ్చి మేటలు వేసింది. అదంతా ఒడ్డుకు అంటుకుని ఉన్న ఒక ఇసుక నాలుక. 1858 ఏప్రిల్లో వచ్చిన తుఫాను దాన్ని తెంపేసింది. ఇసుక ఎలా కదులుతుందో చూడాలంటే జిబ్రాల్టర్ పాయింట్ దీపస్తంభం దగ్గరికి వెళ్లాలి. 1808లో నీటి అంచున కట్టిన రాతి స్తంభం ఇప్పుడు చెట్ల మధ్య, ఒడ్డుకు దూరంగా ఉంది. స్తంభం కదల్లేదు, ఒడ్డే జరిగిపోయింది. దాని మొదటి కాపరి రాడెల్‌ముల్లర్ 1815 జనవరిలో హత్యకు గురయ్యాడు. దయ్యం కథ చెప్పగానే అమ్మ నడక వేగం పెంచింది.

ఇక్కడికి సేదతీరడానికి రావడం కూడా కొత్త కాదు. మిసిసాగా ప్రజలకు ఇది జబ్బుపడ్డవాళ్లు కోలుకునే చోటు. 1790లలో గవర్నర్ భార్య ఎలిజబెత్ సిమ్కో ఇక్కడ గుర్రపు స్వారీ చేసిన సంగతి తన డైరీలో రాసుకుంది. ఈ నేలని బ్రిటిష్‌వాళ్లు 1787లో కొన్నామన్నారు, 1805లో ఆ ఒప్పందాన్ని సరిదిద్దారు. దీవులు మేం అమ్మనేలేదని మిసిసాగాలు వాదిస్తూ వచ్చారు. చివరికి 2010లో కెనడా ప్రభుత్వం టొరాంటో కొనుగోలు వివాదానికి 14.5 కోట్ల డాలర్లిచ్చి రాజీ చేసుకుంది.

మధ్యాహ్నం సెంటర్ ఐలండ్‌లో చెట్టు కింద దుప్పటి పరిచాం. చుట్టూ పూలమడులు, ఫౌంటెన్లు. ఒకప్పుడు ఇక్కడ మానిటూ రోడ్డు అని పెద్ద వీధి ఉండేది. హోటళ్లు, కిరాణా కొట్లు, అటూ ఇటూ ఇళ్లు. మొదట్లో ఎండాకాలం విడిదులే గానీ, రెండో ప్రపంచ యుద్ధం తర్వాత నగరంలో ఇళ్ల కొరత వస్తే జనం ఏడాది పొడవునా ఉండసాగారు. 1950ల మొదట్లో దీవులన్నీ కలిపి 600కు పైగా ఇళ్లు. అంతకుముందే, 1930ల చివర్లో, విమానాశ్రయం కోసం పడమటి కొసన హాన్లన్స్ పాయింట్‌లో కొన్ని ఇళ్లను ఎత్తి వేరే దీవికి తరలించారు. 1914లో బేబ్ రూత్ బేస్‌బాల్ ఆడిన స్టేడియం కూడా అక్కడే ఉండేది, అదీ పోయింది.

1956లో దీవులు మెట్రో టొరాంటో ప్రభుత్వం చేతికొచ్చాయి. పెరుగుతున్న నగరానికి పార్కు కావాలన్నారు. లీజులు రద్దు చేస్తూ ఇళ్లు కూల్చుకుంటూ పోయారు. అప్పటి పార్కుల కమిషనర్ టామీ థాంప్సన్. 'దయచేసి గడ్డి మీద నడవండి' అని బోర్డులు పెట్టించినాయన. గడ్డి మీద నడవొద్దనే బోర్డులు చూస్తూ పెరిగిన నాకు ఆ మాట ఎంత నచ్చిందో చెప్పలేను. కానీ ఇళ్లు కూల్చి ఆ గడ్డి వేయించింది కూడా ఆయన శాఖే.

ఇదంతా చెప్తుంటే అమ్మ డబ్బా మూత పెట్టేసి, "మరి ఆ ఇండ్లల్లో ఉన్నోళ్లు యాడికి పోయినారు?" అంది.

అమ్మ వాళ్లది నందికొట్కూరు వైపు ఊరు. 1981లో శ్రీశైలం ముంపులో పోయింది. అప్పుడు అమ్మకి పదహారేళ్లు. కరెంటు కోసం, ప్రజాప్రయోజనం కోసం అన్నారు, అదేమీ అబద్ధం కాదు. ఎండాకాలం నీళ్లు తగ్గితే సంగమేశ్వరం గుడి బయటపడుతుంది గానీ, అమ్మ వాళ్ల ఇల్లు ఎక్కడుండేదో ఎవరూ చెప్పలేరు.

ఇక్కడ కొందరు నిలబడ్డారని చెప్పాను. తూర్పు కొసన వార్డ్స్, ఆల్గాంక్విన్ దీవుల్లో మిగిలినవాళ్లు. 1980 జూలై 28న ఖాళీ చేయించడానికి అధికారులు వస్తే వంతెన దగ్గర అడ్డుగా నిలబడ్డారు. వచ్చినవాళ్లు వెనక్కి పోయారు. 1993లో ప్రత్యేక చట్టం వచ్చింది: 262 ఇళ్లకు 99 ఏళ్ల లీజు. ఇల్లు ఇష్టమొచ్చిన ధరకి అమ్ముకోవడానికి వీల్లేదు. కొనాలంటే 500 పేర్ల వెయిటింగ్ లిస్టులో ఉండాలి.

న్యాయం ఎటుందో తేల్చుకోలేకపోయాను. ఆ వీధి అలాగే ఉండుంటే, టికెట్ డబ్బులతో నాలాంటి వలసవాడు తల్లిని తెచ్చి కూర్చోబెట్టుకునే ఈ నీడ ఉండేది కాదేమో. పార్కు అందరిదీ, ఆ మాట నిజం. కానీ అందరి కోసం అన్నప్పుడల్లా ఖాళీ చేసేది ఫలానా ఇంట్లోవాళ్లే. వంతెన మీద నిలబడగలిగినవాళ్ల పేరు చట్టంలోకెక్కింది. మానిటూ రోడ్డువాళ్లకీ, అమ్మ వాళ్లకీ ఆ వంతెన దొరకలేదు. కనీసం మనం కూర్చున్న చోట ఏ వీధి ఉండేదో తెలుసుకుని కూర్చోవాలి, నాకు తోచింది అంతే.

సాయంత్రం వార్డ్స్ ఐలండ్ మీదుగా నడిచి వెళ్లాం. చిన్న చిన్న చెక్క ఇళ్లు, గుమ్మాల్లో పూలకుండీలు. ఒక ఇంటి ముందు ముసలావిడ మొక్కలకి నీళ్లు పోస్తోంది. అమ్మ ఆగి నమస్కారం పెట్టింది. ఆవిడ నవ్వి చెయ్యూపింది. తిరుగు ఫెర్రీలో అమ్మ నగరం వైపు చూడకుండా, దీవుల వైపే తిరిగి కూర్చుంది.