అలసట, ఉత్పాదకత: చరిత్ర

కార్మికుడి ఒంటి బాగుకూ అతని చేతి నుంచి వచ్చే సరుకుకూ ఉన్న సంబంధాన్ని ధర్మపన్నాలతో కాక లెక్కలతో తేల్చే ప్రయత్నం పారిశ్రామిక విప్లవం తర్వాతే మొదలైంది. స్కాట్లండ్‌లోని న్యూ లానార్క్ నూలు మిల్లును 1800 నుంచి నడిపిన రాబర్ట్ ఓవెన్, ప్రాణంలేని యంత్రాలను తుడిచి, నూనె పోసి కాపాడుకునే యజమానులు ప్రాణమున్న యంత్రాలను ఎందుకు పట్టించుకోరని 1813లో నిలదీశాడు. మనిషిని యంత్రంతో పోల్చడం ఇంపుగా లేకపోయినా, మిల్లు యజమానులకు తలకెక్కే భాష అదే. ఆయన తన మిల్లులో పనిదినాన్ని సుమారు పదిన్నర గంటలకు కుదించాడు.

అసలైన కొలత జర్మనీలోని యేనాలో జరిగింది. కార్ల్ జైస్ సంస్థను నడిపిన భౌతిక శాస్త్రవేత్త ఎర్నస్ట్ అబ్బే నూలు మిల్లు కార్మికుడి కొడుకు. తండ్రి రోజుకు 14 గంటలు, పని ఎక్కువున్నప్పుడు 16 గంటలు మిల్లులో నిలబడేవాడు. మధ్యాహ్నం కొడుకు గిన్నెలో భోజనం పట్టుకెళితే, యంత్రానికి ఆనుకునే గబగబా తిని, ఖాళీ గిన్నె చేతికిచ్చి మళ్లీ పనిలో పడేవాడు. 48 ఏళ్లకే ముసలివాడిలా అయిపోయాడని అబ్బే తర్వాత చెప్పుకున్నాడు.

1900లో జైస్‌లో పనిదినం తొమ్మిది గంటల నుంచి ఎనిమిదికి తగ్గింది. పీసు రేటు మీద, అంటే చేసిన సరుకును బట్టి కూలికి, పనిచేసే 233 మందికి మార్పుకు ముందు ఏడాదిలో వచ్చిన సంపాదనను తర్వాతి ఏడాది సంపాదనతో అబ్బే పోల్చి చూశాడు. గంటకు ఉత్పత్తి సుమారు 16 శాతం పెరిగింది. పోయిన గంటను పూడ్చుకోవడానికి 12.5 శాతం చాలు, అంటే రోజు మొత్తం మీద సరుకు కాస్త మిగిలింది కూడా. ఆయన చెప్పిన కారణం మరీ ఆసక్తికరం. అలసట చేసిన పని వల్లా, వేగం వల్లా మాత్రమే రాదు; ఫ్యాక్టరీ రొదలో అన్నేసి గంటలు ఊరికే నిలబడి ఉండడానికే ఒంట్లో కొంత శక్తి ఖర్చవుతుంది, సరుకేమీ తయారుకాకపోయినా తిరిగే యంత్రానికి బొగ్గు ఖర్చయినట్టు. గంట తగ్గితే ఆ దండగ ఖర్చు తగ్గుతుంది.

మొదటి ప్రపంచయుద్ధంలో ఇదే ప్రశ్న బ్రిటన్ ముందుకు వచ్చింది. ఫిరంగి గుళ్ల కోసం ఆదివారాలు కూడా పని చేయిస్తున్న రోజుల్లో, 1915లో ఆయుధ కార్మికుల ఆరోగ్యంపై ఒక కమిటీ వేశారు. దాని కోసం పరిశోధకుడు హెచ్.ఎం. వెర్నన్ ఫ్యాక్టరీల్లో వారంవారీ లెక్కలు రాసిపెట్టాడు. దాదాపు వందేళ్ల తర్వాత, 2014లో, ఆర్థికవేత్త జాన్ పెన్‌కావెల్ ఆ అంకెలను తిరగేశాడు. వారానికి సుమారు 49 గంటల దాకా పనితో పాటే ఉత్పత్తీ పెరిగింది. ఆపైన పెరుగుదల మందగించింది. 70 గంటలు పనిచేసినా 56 గంటలకు వచ్చినదానికంటే పెద్దగా ఎక్కువేమీ రాలేదు.

భారతదేశంలో గంటల తగ్గింపు నెమ్మదిగా సాగింది. 1911 చట్టం బట్టల మిల్లుల్లో మగవాళ్లకు రోజుకు 12 గంటల హద్దు పెట్టింది. వారానికి 60 గంటలు 1922లో, 54 గంటలు 1934లో, 48 గంటలు 1946లో వచ్చాయి; 1948 ఫ్యాక్టరీల చట్టం ఆ 48నే నిలిపింది. ఈలోగా పది గంటల కంటే తక్కువకు దిగిన రోజువారీ హద్దును 2025లో తిరిగి పది గంటలకు పెంచేందుకు ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ప్రభుత్వాలు పూనుకున్నాయి. తెలంగాణ ఉత్తర్వు వాణిజ్య సంస్థలకు సంబంధించింది. వారం హద్దు మాత్రం అందులోనూ 48 గంటలే.