కమిటీలు కట్టిన వృత్తి: ఆస్ట్రేలియా ఇంజినీర్ల స్వచ్ఛంద సేవకు నూరేళ్ల చరిత్ర

పెర్త్ నగరానికి ఆగ్నేయాన ఉన్న కానింగ్ వేల్ ఇసుక నేల మీద లేచిన ఊరు. ఆ ప్రాంతంలో చాలాచోట్ల కొద్ది లోతులోనే నీళ్లు పడతాయి. 1989లో పెర్త్ హోల్‌సేల్ కూరగాయల మార్కెట్ ఇక్కడికి తరలివచ్చింది. ఒకవైపు గోదాములు, కర్మాగారాలు పెరిగాయి. మరోవైపు కానింగ్, గాస్నెల్స్ నగరపాలికల పరిధుల్లో ఇళ్ల కాలనీలు విస్తరించాయి. మే నుంచి సెప్టెంబరు దాకా కురిసే వాన ఇళ్లలోకి రాకుండా వీధుల కింది గొట్టాల గుండా పార్కుల్లోని పల్లాలకు చేరి, ఇసుకలోకి ఇంకిపోతుంది. గొట్టం ఎంత వెడల్పుండాలి, పల్లం ఎంత లోతుండాలి అన్నది తేల్చాలంటే ముందు ఎంతటి వానకు సిద్ధపడాలో తేలాలి. ఆస్ట్రేలియాలో ఏ ఇంజినీరైనా అందుకోసం తెరిచే పుస్తకం 'ఆస్ట్రేలియన్ రెయిన్‌ఫాల్ అండ్ రనాఫ్'. దాని మొదటి కూర్పు 1958లో వెలువడింది. వెలువరించింది ఇన్‌స్టిట్యూషన్ ఆఫ్ ఇంజినీర్స్, ఆస్ట్రేలియాకు చెందిన వాననీటి ప్రమాణాల కమిటీ. అంటే ఒక వృత్తి సంఘంలోని సభ్యులు.

ఇంజినీరింగ్ చరిత్రను మనం సాధారణంగా ఆనకట్టల పేర్లతో, వాటిని కట్టినవారి పేర్లతో చెప్పుకుంటాం. వాటి వెనుక ఉన్న కమిటీల చరిత్ర ఎవరికీ పెద్దగా తెలియదు. ఒక ఇంజినీరు అనుభవం మరో ఇంజినీరుకు నియమంగా అందేది ఆ కమిటీల ద్వారానే. జీతం తీసుకోకుండా వాటిలో కూర్చున్నవారి శ్రమే ఇంజినీరింగ్‌ను ఉద్యోగం స్థాయి నుంచి వృత్తి స్థాయికి తెచ్చిందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. పశ్చిమ ఆస్ట్రేలియా అనుభవం ఇందుకు మంచి సాక్ష్యం.

ఒంటరిగా నిలిచిన ఇంజినీరు

1892లో కూల్‌గార్డీలో, మరుసటి ఏడాది కాల్‌గూర్లీలో బంగారం బయటపడింది. వేలాది మంది ఎడారి అంచుకు చేరారు. అక్కడ బంగారం ఉంది గానీ తాగడానికి నీళ్లు లేవు. ఐర్లాండ్‌లో పుట్టి, న్యూజిలాండ్‌లో పనిచేసి, 1891లో పశ్చిమ ఆస్ట్రేలియాకు ప్రధాన ఇంజినీరుగా వచ్చిన సి.వై. ఓకానర్ ఒక సాహసమైన పథకం వేశాడు. పెర్త్ దగ్గరి కొండల్లో, మండారింగ్ వద్ద ఆనకట్ట కట్టి, 530 కిలోమీటర్లకు పైగా ఉక్కు గొట్టం వేసి, ఎనిమిది పంపింగ్ స్టేషన్ల సాయంతో రోజుకు 50 లక్షల గ్యాలన్ల నీటిని గనుల ఊళ్లకు ఎక్కించాలన్నది ఆ పథకం.

అంత పెద్ద లెక్కను సరిచూడగల వృత్తి సంఘం ఆనాడు పెర్త్‌లో లేదు. ఓకానర్ 1897లో లండన్ వెళ్లాడు. అక్కడ కారథర్స్, డీకన్, ఆచార్య అన్విన్‌లతో కూడిన నిపుణుల సంఘం ఆ పథకాన్ని పరిశీలించింది. గొట్టాల మందం, పంపుల శక్తి, నీటి రాపిడి వల్ల కలిగే నష్టం వంటి విషయాల్లో తోటి ఇంజినీర్ల విమర్శకు నిలిచాకే పథకం ముందుకు సాగింది. సాంకేతికంగా అతనికి తోడు దొరికింది. సొంతగడ్డ మీద ఆ తోడు లేదు. ఖర్చుల మీద, కాంట్రాక్టుల మీద పత్రికల్లోనూ శాసనసభలోనూ ఆరోపణలు చెలరేగాయి. పథకం ముగియకముందే, 1902 మార్చి 10న ఫ్రీమాంటిల్ దక్షిణ తీరంలో ఓకానర్ ప్రాణం తీసుకున్నాడు. 1903 జనవరిలో నీళ్లు కాల్‌గూర్లీ చేరాయి. లెక్క తప్పలేదని రుజువైంది.

ఆ మరణానికీ, తర్వాత పుట్టిన వృత్తి సంఘాలకూ నేరుగా లంకె కట్టడం తొందరపాటు అవుతుంది. అయితే అప్పటి లోటు ఏమిటో దానివల్ల స్పష్టంగా కనిపిస్తుంది. సాంకేతిక సత్యాన్ని సాంకేతికంగా పరిశీలించి, బహిరంగంగా చెప్పగల స్వతంత్ర వేదిక ఆ కాలనీలో లేదు.

రెండు దేశాలు, ఒకే దశాబ్దం

1910 నాటికి పెర్త్‌లో వెస్ట్రన్ ఆస్ట్రేలియన్ ఇన్‌స్టిట్యూషన్ ఆఫ్ ఇంజినీర్స్ పనిచేస్తోంది. సిడ్నీలో 1870 నుంచే ఒక సంఘం ఉంది. బ్రిస్బేన్‌లో, అడిలైడ్‌లో కూడా సంఘాలు వచ్చాయి. ఇవన్నీ చిన్నవి. సభ్యులు తమ పనుల గురించి పత్రాలు చదివేవారు, చర్చించేవారు. దేశమంతటికీ ఒక గొంతుక మాత్రం లేదు. మొదటి ప్రపంచ యుద్ధం రైలు, ఓడ, ఫిరంగి, కర్మాగారం అన్నీ ఇంజినీర్ల మీదే ఆధారపడ్డాయని చూపించాక విలీనానికి ఊపు వచ్చింది. 1919లో అనేక సంఘాలు కలిసి ఇన్‌స్టిట్యూషన్ ఆఫ్ ఇంజినీర్స్, ఆస్ట్రేలియాగా ఏర్పడ్డాయి. సిడ్నీ విశ్వవిద్యాలయ ఆచార్యుడు విలియం హెన్రీ వారెన్ తొలి అధ్యక్షుడు. 1938లో దానికి రాయల్ చార్టర్ లభించింది. ఇప్పుడు ఇంజినీర్స్ ఆస్ట్రేలియా అన్న పేరుతో వ్యవహరిస్తున్నది ఈ సంస్థే.

సరిగ్గా ఆ కాలంలోనే భారతదేశంలోనూ ఇలాంటి ప్రయత్నమే జరిగింది. సర్ థామస్ హాలండ్ అధ్యక్షతన 1916–18 మధ్య పనిచేసిన పారిశ్రామిక కమిషన్ ఇంజినీర్లకు ఒక జాతీయ సంఘం ఉండాలని సూచించింది. 1920లో ఇన్‌స్టిట్యూషన్ ఆఫ్ ఇంజినీర్స్ (ఇండియా) మద్రాసులో నమోదైంది. 1921 ఫిబ్రవరిలో కలకత్తాలో వైస్రాయి చెమ్స్‌ఫర్డ్ దాన్ని ప్రారంభించాడు. దానికి 1935లో, అంటే ఆస్ట్రేలియా సంస్థకన్నా మూడేళ్లు ముందే, రాయల్ చార్టర్ దక్కింది.

తెలుగు నేల మీద ఆ మార్పు అంతరార్థం తెలియాలంటే మూసీని తలచుకోవాలి. 1908 సెప్టెంబరు వరద హైదరాబాద్‌ను ముంచెత్తి వేలమందిని బలిగొన్నాక, నిజాం ప్రభుత్వం మరుసటి ఏడాది మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించింది. ఆయన సలహాతో మూసీపై ఉస్మాన్ సాగర్, ఈసాపై హిమాయత్ సాగర్ వెలిశాయి. హైదరాబాద్ ఇంజినీరు అలీ నవాజ్ జంగ్ ఆ పనులను ముందుకు నడిపాడు. ఇవాళ ఖైరతాబాద్‌లోని ఇంజినీర్ల సంస్థ భవనానికి విశ్వేశ్వరయ్య పేరే ఉంది. ఆయన పుట్టినరోజు సెప్టెంబరు 15 దేశమంతటా ఇంజినీర్ల దినోత్సవం. ఆ గౌరవం ఆయనకు తగినదే. కానీ ఆపద వచ్చినప్పుడల్లా ఒక మహామేధావిని వెతికి తెచ్చుకోవడం ఒక పద్ధతి, ఆ మేధావి లెక్కగట్టిన తీరును ప్రతి జిల్లా ఇంజినీరుకూ అందుబాటులోకి తేవడం మరో పద్ధతి. ఈ రెండో పని చేయగలిగేది కమిటీయే.

ఆస్ట్రేలియాలో ఆ రెండో పద్ధతికి 1922లో గట్టి పునాది పడింది. ఆ ఏడాది ఏర్పడిన ఆస్ట్రేలియన్ కామన్వెల్త్ ఇంజినీరింగ్ స్టాండర్డ్స్ అసోసియేషనే నేటి స్టాండర్డ్స్ ఆస్ట్రేలియా. 1929లో క్వీన్స్‌లాండ్ రాష్ట్రం ఇంజినీర్ల నమోదుకు చట్టం చేసింది. మన దేశంలో ఇండియన్ స్టాండర్డ్స్ ఇన్‌స్టిట్యూషన్ 1947లో మొదలైంది. తెలుగు రాష్ట్రాల్లో ప్రతి సివిల్ ఇంజినీరింగ్ విద్యార్థికీ పరిచయమైన ఐఎస్ 456 కాంక్రీటు కోడ్ 1953లో వచ్చింది. ఇక్కడైనా అక్కడైనా కోడ్ తయారయ్యే పద్ధతి ఒకటే. ఆచార్యుడు, డిజైనరు, కాంట్రాక్టరు, సిమెంటో ఉక్కో తయారుచేసేవాడు, ప్రభుత్వ ఇంజినీరు ఒకే బల్ల చుట్టూ కూర్చుంటారు. ముసాయిదాను ప్రజల ముందు పెడతారు. వచ్చిన అభ్యంతరాలను పరిశీలిస్తారు. అందరికీ సమ్మతమయ్యేదాకా వాదిస్తారు. అచ్చయ్యాక దాన్ని ప్రభుత్వాలు నిబంధనల్లోకి తీసుకుంటాయి. అంతటితో ఆ కమిటీ అభిప్రాయం ప్రతి ఇంటి పునాదికీ వర్తిస్తుంది.

విపత్తు తర్వాతి బల్ల

1968 అక్టోబరు 14న పెర్త్‌కు తూర్పున 130 కిలోమీటర్ల దూరంలోని మెకరింగ్ ఊరిని భూకంపం నేలమట్టం చేసింది. భూమి చీలి, రైలు పట్టాలు వంకర్లు తిరిగాయి. ఓకానర్ వేసిన గొట్టపు మార్గం కూడా అక్కడ దెబ్బతింది. భూకంపాలు రాని ఖండమన్న ధీమా ఆ రోజుతో సడలింది. ఆస్ట్రేలియాకు మొదటి భూకంప డిజైన్ ప్రమాణం ఏఎస్ 2121 వెలువడింది 1979లో. అంటే పదకొండేళ్లకు.

ఈ ఆలస్యాన్ని దాచనక్కర్లేదు. ఉద్యోగం ముగించుకున్నాక దొరికిన సమయంలో పనిచేసేవాళ్లు, ఏకాభిప్రాయం కుదిరితేనే కదిలే పద్ధతి, రెండూ కలిస్తే పని నెమ్మదిస్తుంది. 1989 డిసెంబరులో న్యూకాజిల్ భూకంపం 13 మందిని బలిగొంది. ఆ తర్వాత ప్రమాణాన్ని తిరగరాసి, 1993లో కొత్తది తెచ్చారు. నెమ్మదితనం ఈ వ్యవస్థ లోపం. కమిటీల్లో చేరేవారి సంఖ్య పెరగడమే దానికి నేరైన విరుగుడు.

1974 క్రిస్మస్ వేకువన డార్విన్ నగరాన్ని ట్రేసీ తుపాను ధ్వంసం చేసింది. 60 మందికి పైగా చనిపోయారు. జేమ్స్ కుక్ విశ్వవిద్యాలయానికి చెందిన జార్జ్ వాకర్ శిథిలాలను పరిశీలించి కీలకమైన సంగతి బయటపెట్టాడు. గాలి ఒక్క దెబ్బతో పైకప్పులను లేపేయలేదు. అది ఆగి ఆగి, మళ్లీ మళ్లీ గుంజడంతో రేకు మేకు చుట్టూ అలసి చిట్లింది. ఆ పరిశీలన నుంచి రేకులను పదేపదే ఒత్తిడికి గురిచేసే పరీక్షలు వచ్చాయి, గాలి ప్రమాణాలు మారాయి. మూడేళ్లకు, 1977 నవంబరు 19న, దివిసీమ ఉప్పెన వేలాది తెలుగు ప్రాణాలను తీసుకుపోయింది. తీరంలో తుపాను రక్షణ భవనాలు కట్టాలన్న పట్టుదల ఆ దుఃఖం నుంచే బలపడింది. రెండు తీరాలూ చెప్పే పాఠం ఒకటే. విపత్తు జరిగిన మరుసటి నెలలో అందరికీ ఆవేదన ఉంటుంది. ఆ ఆవేదన చల్లబడ్డాక కూడా అంకెల ముందు ఏళ్ల తరబడి కూర్చునేవాళ్లు ఉంటేనే అది నియమంగా మారుతుంది.

'రెయిన్‌ఫాల్ అండ్ రనాఫ్' చరిత్ర కూడా ఇలాంటి ఓపిక కథే. 1958 తర్వాత 1977లో, 1987లో, 2016లో కొత్త కూర్పులు వచ్చాయి. 1987 కూర్పుకు డి.హెచ్. పిల్‌గ్రిమ్ సంపాదకుడు. ఆఖరి కూర్పుకు కేంద్ర ప్రభుత్వ సాయం తోడైంది. వాతావరణ శాఖ అందించిన సుదీర్ఘమైన వర్షపాత లెక్కలు అందులో చేరాయి. ఇప్పుడది ఎవరైనా ఉచితంగా చదువుకోగల గ్రంథం. ఏ ఒక్కరి జీవితకాలానికీ సరిపోని పని అది. ఒక తరం కమిటీ వదిలిన చోటు నుంచి మరో తరం అందుకుంది.

కట్టడాల జ్ఞాపకాన్ని కాపాడే పని కూడా స్వచ్ఛంద సభ్యులదే. 1970ల చివర ఆస్ట్రేలియా ఇంజినీర్ల సంస్థలో ఇంజినీరింగ్ వారసత్వ కమిటీ ఏర్పడింది. చారిత్రక కట్టడాలను గుర్తించి వాటి వద్ద ఫలకాలు పెట్టించింది. 2009లో ఓకానర్ రూపొందించిన ఆ గొట్టపు మార్గానికి, అంటే గోల్డ్‌ఫీల్డ్స్ నీటి పథకానికి, అంతర్జాతీయ చారిత్రక సివిల్ ఇంజినీరింగ్ కట్టడంగా గుర్తింపు దక్కింది. బతికుండగా ఓకానర్‌కు దొరకని వృత్తి సమాజపు మద్దతు నూరేళ్ల తర్వాత ఆ విధంగా నమోదైంది.

వలస వచ్చిన ఇంజినీరు స్థానం

1973లో శ్వేతజాతి వలస విధానపు చివరి అవశేషాలను ఆస్ట్రేలియా తొలగించింది. తర్వాతి దశాబ్దాల్లో వలస వచ్చినవారిలో ఇంజినీర్లు గణనీయంగా ఉన్నారు. 2016 జనాభా లెక్కల్లో ఇంట్లో తెలుగు మాట్లాడేవారు 34 వేల పైచిలుకు. 2021 నాటికి ఆ సంఖ్య 59 వేలు దాటింది. కానింగ్ వేల్‌లో వార్టన్ రోడ్డు మీది హిందూ దేవాలయం, భారతీయ కుటుంబాలు స్థిరపడ్డ పరిసర కాలనీలు ఆ మార్పుకు గుర్తులు.

ఇంజినీరుగా వలస రావాలనుకునేవారి అర్హతను మదింపు చేసేది ఇంజినీర్స్ ఆస్ట్రేలియాయే. చాలామంది తాము చేసిన పనుల నుంచి మూడు ఘట్టాలను ఎంచుకుని, వాటిలో తమ పాత్ర ఏమిటో వివరంగా రాసి పంపాలి. 1989లో ఆరు దేశాలతో మొదలైన వాషింగ్టన్ ఒప్పందంలో భారతదేశం 2014లో పూర్తి సభ్యత్వం పొందింది. అప్పటి నుంచి గుర్తింపు పొందిన కోర్సులు చదివినవారికి దారి కొంత సుగమమైంది. ఆ గుర్తింపు ప్రమాణాలూ, విశ్వవిద్యాలయాలకు వెళ్లి కోర్సులను తనిఖీ చేసే బృందాలూ సభ్యుల స్వచ్ఛంద సేవ మీదే చాలావరకు నడుస్తాయి. అంటే మనవాళ్లు ఆస్ట్రేలియాలో అడుగుపెట్టకముందే ఎవరో కమిటీల్లో చేసిన పని వారి భవితవ్యాన్ని నిర్ణయించి ఉంటుంది.

మదింపుకు గురైనవారు మదింపు చేసే బల్ల వద్దకు చేరగలరా? చేరగలరని మార్లీన్ కంగా జీవితం చెబుతుంది. భారతదేశంలో పుట్టి, ఐఐటీ బొంబాయిలో కెమికల్ ఇంజినీరింగ్ చదివిన ఆమె 2013లో ఇంజినీర్స్ ఆస్ట్రేలియా జాతీయ అధ్యక్షురాలయ్యారు. తర్వాత ప్రపంచ ఇంజినీరింగ్ సంస్థల సమాఖ్యకు అధ్యక్షత వహించారు. ఏటా మార్చి 4ను ప్రపంచ ఇంజినీరింగ్ దినంగా 2019లో యునెస్కో ప్రకటించడానికి ఆ సమాఖ్య కృషే కారణం.

కొత్తగా వచ్చినవారికి కమిటీలో చేరడం తేలిక కాదు. ఉద్యోగం నిలబెట్టుకోవాలి, పిల్లల చదువులు చూసుకోవాలి, ఊళ్లో ఉన్న తల్లిదండ్రులను పట్టించుకోవాలి. సభలో మాట్లాడే తీరు కూడా కొత్త. జీతం రాని పనికి సాయంత్రాలు ఇవ్వడం అందరికీ కుదరదు. కనుక పిలవాల్సిన బాధ్యత సంస్థలకు ఉంది. సమావేశాల వేళలు, సభ్యుల ఎంపిక, కొత్తవారికి దారి చూపే అలవాటు ఆ బాధ్యతలో భాగాలు. అదే సమయంలో మనవాళ్లు తెచ్చే అనుభవం చిన్నది కాదు. నల్లరేగడి నేలలో పునాదులు వేసినవారు, గోదావరి వరద గట్లు చూసినవారు, కోస్తా తుపానుల్లో కరెంటు స్తంభాలు మళ్లీ నిలబెట్టినవారు వారిలో ఉన్నారు. నేల, నీరు, గాలి గురించి కోడ్ రాసే బల్ల దగ్గర ఆ జ్ఞానానికి స్థానం ఉండాలి.

పశ్చిమ ఆస్ట్రేలియాలో 2024 జూలైలో భవన ఇంజినీర్ల నమోదు వ్యవస్థ మొదలైంది. చట్టం ఇప్పుడు ఇంజినీరు అర్హతను అడుగుతుంది. ఆ అర్హతకు కొలమానం ఏమిటన్నది మళ్లీ వృత్తి సమాజమే తేల్చాలి. ఒక వలస సమాజం కొత్త దేశపు వృత్తిలో నిజంగా భాగమైందా అన్న ప్రశ్నకు జీతాల పట్టికల్లోనో ఇళ్ల విస్తీర్ణంలోనో జవాబు దొరకదు. ప్రమాణాల ముసాయిదాలు, గుర్తింపు బృందాల నివేదికలు, కమిటీల మినిట్స్ చూస్తే తెలుస్తుంది. ప్రతి కోడ్‌కూ తర్వాతి కూర్పు ఉంటుంది. దాన్ని రాసేవారిలో కానింగ్ వేల్ తెలుగు ఇంజినీర్లు కూడా ఉండాలి. వారి పిల్లలు ఉండబోయేది ఆ కోడ్ ప్రకారం కట్టే ఇళ్లలోనే.