కొండగాలి నుంచి గాలి పట్టీల దాకా

వికారాబాద్ దాటి అనంతగిరి ఘాట్ ఎక్కుతుంటే గాలి చల్లబడుతుంది. మూసీ పుట్టిన కొండ ఇది, అనంతపద్మనాభస్వామి కొలువున్న కొండ. నిజాం కాలంలో ఇక్కడ క్షయ రోగులకు శానిటోరియం కట్టారు. మందులు లేని రోజుల్లో క్షయకు వైద్యమంటే విశ్రాంతి, మంచి తిండి, చెట్ల గాలి. వాడి నుంచి సికింద్రాబాద్‌కు 1874లో పడిన రైలు మార్గం తాండూరు, వికారాబాద్‌ల మీదుగానే పోతుంది. పట్నంలో జబ్బుపడినవాళ్లు ఊపిరి కోసం ఈ కొండకు వచ్చేవారు.

గుండె జబ్బు దగ్గరికి వచ్చేసరికి దారి తిరగబడింది. ఇప్పుడు తాండూరు మనిషే పట్నం పోవాలి.

నాపరాయి బండ ఎత్తేటప్పుడు, కంది చేలో గట్టు ఎక్కేటప్పుడు ఛాతీ బిగుసుకుపోతుంది, కాసేపు కూర్చుంటే తగ్గుతుంది. ‘దమ్మొస్తోంది’ అంటారు, ‘గ్యాస్ పట్టింది’ అని సోడా తాగుతారు. చాలాసార్లు అది యాంజైనా: గుండె కండరానికి చాలినంత రక్తం అందని నొప్పి. మందులు, స్టెంట్, బైపాస్ దీనికి ప్రధాన వైద్యాలు. ఇవన్నీ చేశాక కూడా నొప్పి వదలనివారు, ఆపరేషన్‌కు శరీరం తట్టుకోనివారు కొందరు మిగిలిపోతారు. ఈఈసీపీ అనే వైద్యం ముఖ్యంగా వాళ్ల కోసం.

దీని మూలం ఒక చిన్న గమనింపులో ఉంది. శరీరమంతటికీ గుండె ముడుచుకున్నప్పుడు రక్తం అందుతుంది. గుండె కండరానికి మాత్రం ఎక్కువ భాగం అది సేదతీరే క్షణంలోనే అందుతుంది. ఆ క్షణంలో రక్తపు ఒత్తిడి పెంచితే గుండెకు ఎక్కువ రక్తం చేరుతుందని అమెరికాలో కాంట్రోవిట్జ్ సోదరులు 1950ల తొలినాళ్లలో జంతువులపై చేసిన ప్రయోగాల్లో చూపించారు. 1960ల్లో అదే పనిని శరీరం బయటి నుంచి చేసే యంత్రాలు వచ్చాయి. తొలి యంత్రాలు నీటి ఒత్తిడితో నడిచేవి, బరువైనవి. చైనాలోని గ్వాంగ్‌జౌలో ఝెంగ్ ఝెన్‌షెంగ్ బృందం 1970ల నుంచి గాలితో వరుసగా బిగిసే పట్టీలను తీర్చిదిద్దింది. ఇప్పటి యంత్రాలకు దారి చూపింది అదే.

మంచం మీద పడుకున్న మనిషి పిక్కలకు, తొడలకు, పిరుదులకు బీపీ చూసే పట్టీల్లాంటివే, కాకపోతే బాగా వెడల్పువి, చుడతారు. ఈసీజీ తీగలు గుండె లయను యంత్రానికి చెబుతుంటాయి. గుండె సేదతీరగానే పిక్కల నుంచి పైకి పట్టీలు ఒకదాని వెంట ఒకటి టక్కున బిగుస్తాయి, రక్తం గుండెవైపు ఎగదన్నుతుంది. గుండె ముడుచుకునే ముందు అన్నీ ఒక్కసారిగా వదులవుతాయి. కోత లేదు, మత్తు లేదు. రోజుకు గంట చొప్పున మొత్తం 35 గంటలు.

ఫలితం మాటేమిటి? 1999లో వెలువడిన మస్ట్-ఈఈసీపీ పరీక్షలో 139 మంది రోగులున్నారు. కొందరికి అసలు వైద్యం, కొందరికి ఒత్తిడి తగ్గించిన పట్టీలు. అసలు వైద్యం పొందినవారికి నొప్పి తగ్గింది, వ్యాయామంలో ఈసీజీ మార్పులు ఆలస్యంగా కనిపించాయి. ఆయుష్షు పెంచుతుందని మాత్రం రుజువు కాలేదు. ‘ఆపరేషన్ లేకుండా బ్లాకులు మాయం’ అనే ప్రకటనలను నమ్మొద్దు. కాలి సిరల్లో రక్తం గడ్డకట్టినవారికి, బృహద్ధమని కవాటం బాగా లీకయ్యేవారికి ఇది పనికిరాదు.

క్షయ చరిత్ర ఇక్కడ గుర్తుకు రావాలి. 1959లో మద్రాసు పరిశోధన ఒకటి, మందులు సరిగ్గా వాడితే ఇంటి దగ్గర చికిత్స పొందిన క్షయ రోగులు కూడా శానిటోరియంలో ఉన్నవాళ్లలాగే కోలుకుంటారని తేల్చింది. వైద్యం రోగి ఇంటికి నడిచొచ్చింది. ఈఈసీపీ ఇంకా అలా రాలేదు. తాండూరు నుంచి హైదరాబాద్ వంద కిలోమీటర్లకు పైనే. గంట వైద్యానికి 35 రోజులు రానూపోనూ లెక్కేస్తే ఏడు వేల కిలోమీటర్లు, 35 రోజుల కూలి. ఈ యంత్రానికి ఆపరేషన్ థియేటర్ అక్కర్లేదు. ఒక గది, కరెంటు, శిక్షణ పొందిన సిబ్బంది, పర్యవేక్షించే డాక్టరు చాలు. 2016లో జిల్లా అయిన వికారాబాద్‌లో, తాండూరులో ప్రభుత్వాసుపత్రులున్నాయి. అక్కడ ఇలాంటి మంచం ఒక్కటైనా వేయడం గురించి ఆరోగ్య శాఖ ఆలోచించాలి. అప్పటిదాకా, నడిస్తే వచ్చి ఆగితే తగ్గే ఛాతీ నొప్పిని గ్యాస్ అని వదిలేయకండి, డాక్టరుకు చూపించండి. కూర్చున్నా తగ్గకపోతే వెంటనే 108కి ఫోన్ చేయండి.